ముత్తాతల నాటి ఉత్తరాల కట్ట దొరికితే: 1800ల నాటి తండ్రి మాట చదువుకునే పద్ధతి

భోషాణం అడుగున, దస్తావేజుల కింద, గుడ్డలో చుట్టిన ఉత్తరాల కట్ట ఒకటి దొరుకుతుంది. పైకాగితం మీద ఇంటి పెద్దాయన పేరు ఉంటుంది. మా ఇంట్లోనూ అలాగే దొరికింది. మా తాతగారి తాతగారు తన ముసలితనంలో పిల్లలకు రాసిన ఉత్తరాలని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. నెల తిరిగేసరికి సంగతి తెలిసింది. అందులో ఆయన రాసినవి రెండే. మిగతావన్నీ ఆయనకు వచ్చినవి.

కాస్త ఆలోచిస్తే అలాగే ఉండాలి. రాసిన ఉత్తరం రాసినవారి ఇంట్లో ఉండదు, అందుకున్నవారి ఇంట్లో ఉంటుంది. తండ్రి ఇంట్లో మిగిలేది పిల్లల గొంతు. తండ్రి గొంతు చెన్నపట్నంలో ఉద్యోగం చేసిన పెద్దకొడుకు వారసుల దగ్గరో, అత్తవారింటికి వెళ్ళిన కూతురి మనవల దగ్గరో ఉంటుంది. కట్ట విప్పే ముందే ఈ మాట గుర్తు పెట్టుకుంటే తర్వాతి పనంతా దారిలో పడుతుంది. నేను ఆలస్యంగా తెలుసుకున్నాను. మీకు ఆ ఆలస్యం జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

మొదటి పని: వరస చెడగొట్టకండి

వెనకటి ఇళ్ళలో వచ్చిన ఉత్తరాన్ని చదవగానే కొస వంచిన ఇనప తీగకు గుచ్చి దూలానికో గోడకో వేలాడదీసేవారు. కాగితాల మధ్యలో తుప్పు అంచుతో చిన్న చిల్లు కనిపిస్తే అవి తీగ మీద ఉన్నవే. తీగలో అడుగున ఉన్నది అన్నిటికంటే పాతది, పైది చివర వచ్చింది. తేదీ లేని ఉత్తరానికి ఆ వరసే తేదీ. నేను ఆత్రం కొద్దీ అన్నీ తీసి చాప మీద పరిచాను. ఆ పొరపాటు దిద్దుకోవడానికి ఏడాది పట్టింది.

కాబట్టి కట్ట ఉన్నదున్నట్టుగా ముందు ఒక ఫోటో తీయండి. తర్వాత ఒక్కొక్కటి తీస్తూ, వెనక మూలన మెత్తని పెన్సిలుతో సన్నగా అంకె వేయండి. పెన్నుతో వద్దు. ఒక ఉత్తరం మడతలో ఇంకొకటి ఉంటే రెండిటికీ ఒకే అంకె వేసి, పక్కన అ, ఆ అని గుర్తు పెట్టండి. కొడుకు ఉత్తరం మడతలో తండ్రి జవాబు నకలు దొరకడం నేను చూశాను.

రెండో పని: కాగితాన్ని కాపాడటం

అప్పటి సిరా ముఖ్యంగా రెండు రకాలు. దీపపు మసి, తుమ్మబంక కలిపి చేసింది ఒకటి. అది ఎన్నాళ్ళయినా నల్లగానే ఉంటుంది, నీటి చుక్క పడితే మాత్రం అలుక్కుపోతుంది. కరక్కాయ, అన్నభేది కలిపి కాచింది రెండోది. అది కాలం గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది, కాగితాన్ని లోపల్లోపల తినేస్తుంది. అక్షరం ఉన్నచోట కాగితం రాలిపోయి జల్లెడలా కనిపిస్తే అది రెండో రకమే. ఏ సిరా అయినా తడి తగలకూడదు, ఎండలో పెట్టకూడదు.

మెత్తని కుంచెతో దుమ్ము దులపండి. బిగిసిపోయిన మడతను బలవంతంగా విప్పకండి. చిరిగినచోట టేపు అంటించవద్దు, దాని జిగురు కొన్నేళ్ళకు పసుపు మరకగా మారి అక్షరాన్ని మింగుతుంది. లామినేషన్ అసలే వద్దు, ఒకసారి చేస్తే వెనక్కి తీయలేరు. మా బంధువులొకరు మంచి చేద్దామని నాలుగు ఉత్తరాలకు లామినేషన్ చేయించారు. ఇప్పుడు వాటి వెనకవైపు రాత పొగమంచులో చూసినట్టుంది. ఆమ్లం లేని కాగితపు మడతల్లో విడివిడిగా పెట్టి, అట్టపెట్టెలో, నేలకు ఎత్తుగా ఉంచండి. చెదలు, వెండిపురుగులు రాకుండా రెండు నెలలకోసారి తెరిచి చూడటమే అన్నిటికన్నా మంచి మందు. తాటాకు మీద గంటంతో రాసినవి దొరికితే మీరు చేయి చేసుకోకుండా తెలిసినవాళ్ళకు చూపించండి.

ఫోటోలు నీడ వెలుతురులో, రెండువైపులా తీయండి. ఖాళీగా కనిపించే వెనకవైపు కూడా వదలొద్దు. కవరు వాడకం తక్కువగా ఉన్న రోజుల్లో ఉత్తరాన్నే మడిచి, వెనకే చిరునామా రాసి, లక్కతో అతికేవారు. తపాలా గుర్తులన్నీ అక్కడే ఉంటాయి.

మూడో పని: ఆ రాతకు కన్ను అలవాటు చేసుకోవడం

చాలామంది ఆగిపోయేది ఇక్కడే. ‘తెలుగే కదా, ఒక్క ముక్కా అర్థం కావడం లేదు’ అంటారు. కలం ఎత్తకుండా రాసే గొలుసుకట్టు రాత అది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు, చుక్కా కామా ఉండవు. పైగా ఇప్పటి మన వర్ణక్రమం కాదు.

కొన్ని గుర్తులు పట్టుకుంటే సగం కష్టం తీరుతుంది. ‘ఎ’కు బదులు ‘యె’, ‘ఒ’కు బదులు ‘వొ’, ‘ఉ’కు బదులు ‘వు’ కనిపిస్తాయి. ‘ఉన్న’ను ‘వుంన’ అని, ‘అన్న’ను ‘అంన’ అని సున్నతో రాస్తారు. ఎత్వం, ఏత్వం తేడా చాలామంది పాటించలేదు. ‘ధర్మము’ అన్నప్పుడు ‘ర్’ ముందు రాకుండా తర్వాతి అక్షరం పక్కన గిలకగా పడి ‘ధమ౯ము’ అవుతుంది. ఈ వలపలగిలక, తెలుగు అంకె తొమ్మిది ఒకేలా ఉంటాయి. నేను ఒకచోట గిలకను తొమ్మిది అనుకుని లేని తేదీ ఒకటి పుట్టించాను. అంకెలు ౧, ౨, ౩ అని తెలుగువే ఉంటాయి. భిన్నాలకు గీతలు. నిలువు గీత ఒకటైతే కాలు, రెండైతే అర, మూడైతే ముక్కాలు. అడ్డగీతలైతే వీసాలు, అంటే పదహారో వంతులు. మాట పక్కన రెండు నిలువు గీతలు కనిపిస్తే అది పొడి అక్షరాల గుర్తు కూడా కావచ్చు. ‘రు॥’ రూపాయలు, ‘అ॥’ అణాలు, ‘సం॥’ సంవత్సరం.

అన్నిటికంటే పనికొచ్చింది చెబుతాను. కళ్ళతో చదవకండి, నోటితో చదవండి. ఆ ఉత్తరాలు వీధి అరుగు మీద నలుగురికీ వినిపించేలా చదవడానికి రాసినవి. అక్షరాలు కూడబలుక్కుంటూ పైకి అంటే మాట దానంతట అది విడుతుంది. ఇంట్లో ఎనభై దాటిన అమ్మమ్మ ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. నాకు మూడు రోజులుగా కొరుకుడుపడని ఒక మాటను మా పెద్దమ్మ వినగానే ‘కుంచాలురా, వడ్ల లెక్క’ అంది.

చెవికి ఆనాటి వచనం అలవాటు కావాలంటే ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదవండి. చెన్నపట్నం సుప్రీం కోర్టులో దుబాసీగా, అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పేవాడిగా పనిచేసిన ఆయన 1830 మేలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చే వరకు తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకు రాసిన సంగతులే 1838లో పుస్తకమయ్యాయి. ‘దస్తకం’, ‘కిస్తు’, ‘హాజరు’, ‘రవానా’ లాంటి ఫారసీ, ఉర్దూ మాటలు ఎదురైనప్పుడు సి.పి. బ్రౌన్ 1852 నాటి నిఘంటువు, 1854 నాటి మిశ్రభాషా నిఘంటువు ఆదుకుంటాయి. మీ ముత్తాత బతికిన రోజుల్లోనే కూర్చినవి కాబట్టి ఇప్పటి నిఘంటువుల్లో దొరకని అర్థం అక్కడ దొరుకుతుంది.

నాలుగో పని: తేదీ తేల్చడం

ఉత్తరం నెత్తిన సాధారణంగా సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం ఉంటాయి. ‘శు॥’ శుద్ధం, ‘బ॥’ బహుళం. వారాల పేర్లు తికమకపెడతాయి. భానువారం ఆదివారం, ఇందువారం సోమవారం, భౌమవారం మంగళవారం, సౌమ్యవారం బుధవారం, భృగువారం శుక్రవారం, స్థిరవారం శనివారం.

సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. ప్రభవ 1807–08లో వచ్చింది, మళ్ళీ 1867–68లో వచ్చింది. అక్కడ నుంచి వరసగా లెక్కపెట్టుకుంటే చాలు. అదే పేరు రెండుసార్లు వస్తుంది కనుక ఏ తడవదో తేల్చుకోవాలి. నందన అంటే 1832–33 కావచ్చు, 1892–93 కావచ్చు. మొదటిదైతే గుంటూరు సీమను ఊడ్చిపెట్టిన డొక్కల కరువు ఛాయ ఉత్తరంలో ఎక్కడో తగులుతుంది. ధాత అంటే 1876–77, ధాత కరువు మొదలైన ఏడు. రక్తాక్షి అంటే 1864–65. ఆ ఏడే నవంబరు 1న బందరు ఉప్పెన ముప్పై వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ప్రాంతపు తండ్రి ఆ చలికాలంలో రాసిన ఉత్తరంలో ఉప్పు తేలిన చేల ప్రస్తావన లేకపోతే తేదీ మళ్ళీ చూసుకోండి.

అందరూ పడే గుంట ఇంకొకటి ఉంది. ఏడాది ఉగాదికి మారుతుంది, జనవరికి కాదు. ‘ధాత మాఘ శు॥ ౫’ అని ఉంటే అది 1876 కాదు, 1877 జనవరి. తేదీ కుదిరాక తిథి, వారం రెండూ కలుస్తున్నాయా అని తిథులకు ఇంగ్లీషు తేదీలు చూపే ఎల్.డి. స్వామికన్ను పిళ్ళై పట్టికల్లాంటి వాటితో సరిచూడండి. వారం కలవకపోతే అరవై ఏళ్ళు అటో ఇటో జరపండి.

సర్కారు లెక్కలు తెలిసినవాళ్ళు ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడాది అంకె, వేస్తారు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఫసలీకి 590 కలిపితే జులైలో మొదలయ్యే ఏడాది వస్తుంది. ఫసలీ 1286 అంటే 1876 జులై నుంచి 1877 జూన్ వరకు. నిజాం రాజ్యంలో కూడా 590 కలపాలి గానీ అక్కడ ఏడాది అక్టోబరులో మొదలవుతుంది. అక్కడి ఉత్తరాల్లో హిజ్రీ తేదీలు కూడా కనిపిస్తాయి.

తండ్రి ముసలితనం ఇక్కడ ఒక తాళంచెవి అందిస్తుంది. షష్టిపూర్తి సంగతి ఏ ఉత్తరంలో కనిపించినా ఆ సంవత్సరం పేరే ఆయన పుట్టిన సంవత్సరం పేరు. మా పెద్దాయన షష్టిపూర్తికి రాలేనని చెన్నపట్నం నుంచి కొడుకు క్షమాపణ రాసుకున్నది తారణలో. అంటే 1884. కాబట్టి ఆయన 1824 నాటి తారణలో పుట్టారు. ఏ రికార్డులోనూ దొరకని పుట్టిన ఏడు ఒక కొడుకు రాలేకపోవడంతో దొరికింది.

తపాలా గుర్తులు

1854 అక్టోబరు 1 నుంచి దూరంతో పని లేకుండా పావు తులం ఉత్తరానికి అర్ధణా స్టాంపు సరిపోయింది. అంతకుముందు దూరాన్ని బట్టి రుసుము. 1854 నాటి స్టాంపులకు పళ్ళ అంచు లేదు, కత్తెరతో కత్తిరించేవారు. 1869లో అర్ధణాకు అర తులం దాకా అనుమతించారు. పాత ఉత్తరాల్లో పలచని కాగితం, అంచుల్లో నిలువుగా కూడా రాత కనిపిస్తే ఆ తులం లెక్కే కారణం. స్టాంపు మీద ‘ఈస్ట్ ఇండియా’ బదులు ‘ఇండియా’ మాత్రమే ఉన్న వరస 1882లో మొదలైంది. కాలణా పోస్టుకార్డు 1879 జులై 1న, తపాలా మనియార్డరు 1880లో వచ్చాయి. నిజాం రాజ్యానికి 1869 నుంచి సొంత స్టాంపులు ఉన్నాయి. స్టాంపు చెప్పేది ‘దీనికి ముందు కాదు’ అన్న సంగతే, పాత స్టాంపులు తర్వాత కూడా వాడేవారు. ముద్రలో ఊళ్ళ పేర్లు దొరలు పలికిన తీరులో ఉంటాయి. ఎల్లోర్ అంటే ఏలూరు, కొకనాడ అంటే కాకినాడ, మసులిపటం అంటే బందరు.

అయిదో పని: మర్యాదల వెనక మాట వినడం

ఆ ఉత్తరాల్లో మూడొంతులు ఒకే మూసలో ఉంటాయి. నెత్తిన ‘శ్రీరామ’. తర్వాత బిరుదు. అటుపైన ‘ఇక్కడ అందరము క్షేమము, అక్కడ మీ క్షేమలాభములు వ్రాయించవలెను’, ‘ఉభయకుశలోపరి’. చదివేవాళ్ళు విసుగుతో ఇవన్నీ దాటేస్తారు. దాటొద్దు. మూస ఎక్కడ తప్పిందో చూడాలి. ఎప్పుడూ ‘అందరము క్షేమము’ అని రాసే మనిషి ఒకసారి ‘పిల్లలు క్షేమము’ అని ఊరుకుంటే ఆ ఇంట్లో పెద్దవాళ్ళెవరో మంచాన పడ్డారు.

బిరుదులు చుట్టరికం చెబుతాయి. కొడుకుకు ‘చి॥’, ఆశీర్వచనాలు. అల్లుడికి వయసు ఎంత చిన్నదైనా ‘మ.రా.రా.శ్రీ’, అంటే మహారాజ రాజశ్రీ, చివర ‘గారు’. పెళ్ళయిన కూతురికి ‘చి.ల.సౌ.’, అంటే చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి. కూతురికి తండ్రి రాసిన ఉత్తరం చిరునామాలో చాలాసార్లు ఆమె పేరు ఉండదు. ఉత్తరం అల్లుడికి వెళ్తుంది, ఆయన చదివి వినిపిస్తాడు. ఆడపిల్లలకు చదువు అరుదు. కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టింది 1874లో. కనుక తండ్రి పేజీన్నర అల్లుడుగారికి మర్యాదగా రాసి, చివర ఒక్క వరసలో కూతురిని అడుగుతాడు. ఆ వరస కోసం చూడండి. మా ఇంటి ఉత్తరాల్లో అది దాదాపు ప్రతిసారీ తిండి గురించో మందు గురించో ఉంటుంది. శొంఠి పంపాను, అందిందా. పులుపు మానమని చెప్పాను, మానిందా. ‘ప్రేమ’ అన్న మాట ఆ కట్టలో ఎక్కడా లేదు. మొదట్లో నేను దానికోసం వెతికి నిరాశపడ్డాను. శొంఠి అక్కడే ఉంది, నాకే కనబడలేదు.

డబ్బు లెక్కలు కూడా అంతే. వరహాలు, రూపాయలు, పుట్లు, తూములు అని విసిరేయకండి. పదహారు అణాలు రూపాయి, పన్నెండు పైలు అణా, వరహా అంటే మూడున్నర రూపాయలు. ఏ కొడుకు ఎంత పంపాడు, తండ్రి అందులో ఎంత కిస్తు కట్టి ఎంత కూతురి పురిటికి ఉంచాడు అని ఒక పట్టిక వేయండి. కోరంగి, కాకినాడ రేవుల నుంచి రంగూను వెళ్ళిన కొడుకులున్న ఇళ్ళలో ఈ పట్టిక గుండె పట్టేసేలా ఉంటుంది. డబ్బు వస్తూ ఉంటుంది, మనిషి రాడు.

ఆరో పని: ఎవరి దస్తూరి?

‘తండ్రి రాశాడు’ అంటే ఆయన చేత్తోనే రాశాడని కాదు. చాలా కుటుంబాల్లో కరణంగారో బడిపంతులో రాసిపెట్టేవారు. ‘వ్రాయించినది’ అన్న మాటకు అర్థం అదే. కాబట్టి ఉత్తరాలన్నిటిలో ‘క్ష’, ‘త్ర’, ‘ఱ’ ఎలా రాశారో ఫోటోల నుంచి కత్తిరించి పక్కపక్కన పెట్టండి. ఎన్ని చేతులున్నాయో తెలుస్తుంది.

అందులోంచి ముసలితనం కళ్ళకు కడుతుంది. నలభై దాటాక చత్వారం వచ్చి అక్షరం పెద్దదవుతుంది. కళ్ళజోడు దొరికాక మళ్ళీ కాస్త చిన్నదవుతుంది. తర్వాత వరసలు కుడివైపు జారతాయి. ఆపైన కొత్త చెయ్యి వస్తుంది, గుండ్రటి బడి రాతలో. అది మనవడిది. అడుగున చేవ్రాలు మాత్రం పాతదే. మా పెద్దాయన విషయంలో చేవ్రాలు కూడా పోయాక, నెత్తిన ‘శ్రీ’ ఒక్కటి తన చేత్తో పెట్టడం మానలేదు. వణికిన ఆ ఒక్క అక్షరం చూసి అది ఆయన కూర్చుని చెప్పి రాయించినదేనని గుర్తుపడతాం.

ఏడో పని: రెండో సగం వెతకడం

ఇప్పుడు మొదట చెప్పిన మాటకు వద్దాం. మీ కట్టలో ఉన్న ఊళ్ళ పేర్లన్నీ రాసుకోండి. ఆ ఊళ్ళలో ఉన్న కొడుకుల, కూతుళ్ళ సంతతిని వెతకండి. ఇంటిపేరు ఒకటి కనుక కొడుకుల వైపు తేలిగ్గా దొరుకుతారు. కూతుళ్ళ వైపు కష్టం, ఇంటిపేర్లు మారతాయి. అయినా ముందు కూతుళ్ళ వైపే వెళ్ళమంటాను. మాకు పెద్దాయన సొంత ఉత్తరాలు పంతొమ్మిది దొరికింది నెల్లూరు వైపు ఇచ్చిన కూతురి మునిమనవరాలి ఇంట్లో. పసుపు బట్టలో, పుస్తెలతాడు పాత పూసలతో కలిపి దాచారు. చదవడం రాని మనిషి వాటిని ఎందుకు దాచుకుందో అడగాల్సిన పని లేకపోయింది.

వెళ్ళినప్పుడు ఉత్తరాలు అడిగి తెచ్చుకోకండి. అక్కడే ఫోటో తీసుకుని వాళ్ళ వస్తువు వాళ్ళకే వదలండి. మీ దగ్గరున్న వాటి నకళ్ళు వాళ్ళకివ్వండి. రెండు వైపులూ తేదీల వరసలో కలిపితే ప్రశ్న పక్కన జవాబు వచ్చి కూర్చుంటుంది.

ఎత్తి రాయడం, దాచడం

ప్రతి ఉత్తరానికీ రెండు ప్రతులు. మొదటిది యథామూలం. వరసకు వరస, తప్పుకు తప్పు, ‘వుంన’ అని ఉంటే ‘వుంన’ అనే. తెలియని మాట దగ్గర చుక్కలు, అనుమానమైతే ప్రశ్న గుర్తు పెట్టండి. రెండోది ఇప్పటి వర్ణక్రమంలో, మాటలు విడదీసి, ఇంట్లోవాళ్ళు చదువుకునేందుకు. రెండోది మాత్రమే చేసి మొదటిది మానేయొద్దు.

అప్పులు, దత్తతలు, ఆస్తి తగాదాలు, పక్కింటివాళ్ళ మీద నిష్ఠూరాలు బయటపడతాయి. అందరికీ పంచే ముందు ఆ శాఖల పెద్దలతో మాట్లాడండి. అసలు ప్రతులను ఇంట్లో కాపాడలేమనిపిస్తే హైదరాబాదు తార్నాకలోని రాజ్య అభిలేఖాగారం (స్టేట్ ఆర్కైవ్స్), తిరుపతి ప్రాచ్య పరిశోధన సంస్థ, వేటపాలెం సారస్వత నికేతనం, రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం లాంటి చోట్ల అడిగి చూడండి.

చివరిది: చావు ఉత్తరం కోసం వెతకొద్దు

కట్ట అంతా చదివాక ఎవరికైనా అనిపిస్తుంది, ఆయన పోయిన కబురు ఏదని. దొరకదు. అశుభలేఖను ఇంట్లోకి తేరు. గుమ్మం బయటే చదివి, చించి పారేసి, స్నానం చేసి లోపలికి వస్తారు. శుభలేఖలు, పసుపు మూలలతో, ఎన్నయినా ఉంటాయి గానీ చావు కబురు ఒక్కటీ మిగలదు.

అది తల్లి పేరు ముందు వెతకాలి. కొడుకులు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాల్లో, కూతురు రాయించే ఉత్తరాల్లో అమ్మ ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా ముందున్న బిరుదు రాసుకుంటూ పోండి. ‘సౌ॥’ అని ఉన్నంత కాలం ఆయన ఉన్నారు. ఒకచోట అది ‘గం.భా.స.’ అవుతుంది. గంగాభాగీరథీ సమానురాలైన అమ్మగారికి అని, భర్త పోయిన స్త్రీకి రాసే బిరుదు అది. మా కట్టలో కార్తీకంలో పెద్దకొడుకు రాసిన ఉత్తరంలో ‘సౌ॥ అమ్మగారు’ ఉంది. మాఘంలో అతనే తమ్ముడికి రాసిన దాంట్లో ‘గం.భా.స. అమ్మగారు’. మధ్యలో ఏమీ లేదు. మాఘం నాటి ఆ ఉత్తరంలో వడ్ల ధర ఉంది, చెల్లెలి పురుడు ఉంది, ఉభయకుశలోపరి కూడా ఉంది. నెల్లూరు చెల్లెలికి శొంఠి తను పంపుతానని చివరి వరసలో అన్న రాశాడు.